వెనక నుంచి అందిన మాట

"సార్, ముందే చెప్పేస్తున్నా. నా సెట్లో ప్రాంప్టింగ్ ఉండదు."

దర్శకురాలు ఆ మాట అని ఆరు కాగితాలు బల్ల మీద పెట్టింది. టైర్ల దుకాణం పైన అద్దెకు తీసుకున్న ఆఫీసు అది. కింద ఎవరో చక్రం బిగిస్తున్నట్టున్నారు, నేల సన్నగా అదురుతోంది. జడ్జి ఆ కాగితాల్లో ఏముందో చూడలేదు. రెండు వేళ్ల మధ్య పెట్టి మందం చూశాడు. గుడ్డల కొట్టువాడి కొడుకు మరి, ఏ సరుకైనా ముందు పట్టి చూడటం చిన్నప్పటి అలవాటు.

అతను ఏనాడూ ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. ముప్ఫై ఏళ్ల కిందట మొదటి హిట్టులో జడ్జి వేషం వేశాడు. అప్పట్నుంచీ ఊరందరికీ జడ్జిగారే. తొమ్మిదేళ్లుగా పని లేదు. పేరు మాత్రం పాత చొక్కాకి మిగిలిన గుండీలా వేలాడుతూనే ఉంది.

"ఉండదంటే?" అన్నాడు.

"షాట్ తీస్తున్నప్పుడే మాట కూడా రికార్డవుతుంది సార్. తర్వాత డబ్బింగ్ లేదు. పక్కన ఎవరు గుసగుసలాడినా మైకు పట్టేస్తుంది. ఆరు పేజీలు, ఒకటే షాట్, మధ్యలో కట్ లేదు. షూటింగ్‌కి ఇరవై రోజులుంది."

"ఇరవై రోజులెందుకమ్మా? నాకు ఒక్కసారి వింటే చాలు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. దర్శకురాలు నవ్వలేదు.

"ఆ మాట మీరు టీవీలో అన్నారు సార్. విన్నాను. ఆ సాయంత్రం ఫంక్షన్‌లో అన్నదీ విన్నాను. మిమ్మల్ని పెట్టుకుంటున్నది కూడా ఆ ఫంక్షన్ వీడియో చూసే."

"అది చూసి నన్ను వదిలేసినవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ."

"వాళ్లు మాట విన్నారు. నేను తర్వాత మీ మొహం చూశాను. మాట అయిపోయింది, చప్పట్ల కోసం ఆగారు, రాలేదు. ఆ పది సెకన్లు మీరు నటించలేదు. మీ సినిమాలన్నీ చూశాను సార్, ఆ పది సెకన్లంత బాగా ఎక్కడా చెయ్యలేదు."

పొగిడిందో తిట్టిందో తేల్చుకోలేక జడ్జి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే అసలు లెక్క బోధపడింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, యాభైకి పైగా సినిమాలు, అందులో ఒక్క డైలాగు కూడా కంఠతా పట్టింది లేదు.

ఆ రోజుల్లో దానితో పనే లేదు. కెమెరా తిరుగుతుండగానే వెనక నుంచి బామ్మర్ది లైను అందించేవాడు, ఇతను అనేవాడు. గొంతు ఎలాగూ తర్వాత డబ్బింగ్ థియేటర్లో ముక్కలు ముక్కలుగా అతికించేవాళ్లు. బామ్మర్దిని యూనిట్లో అందరూ "వైరు" అనేవాళ్లు. బల్బు వెలుగుతుంటే జనం బల్బునే చూస్తారు, గోడలో ఉన్న వైరును ఎవరు చూస్తారు? భార్యకు సొంత తమ్ముడు. ఏ మాటకి జడ్జికి ఊపిరి ఆగుతుందో, ఏ మాట దగ్గర నాలుక తడబడుతుందో డాక్టరు కన్నా వాడికే ఎక్కువ తెలుసు. పొడుగు డైలాగుల మధ్య "అదీ సంగతి" అని ఒక ముక్క ఇరికించింది కూడా వాడే. తర్వాతి లైను అందించడానికి రెండు క్షణాలు కావాలి కదా, అందుకు. జనానికి ఆ కిటుకు తెలీదు. జడ్జి "అదీ సంగతి" అని తల పంకిస్తే హాలు దద్దరిల్లేది.

ఇలా ఇరవై ఏళ్లు నడిచాక నోటికీ బుర్రకీ మధ్య దారి మూసుకుపోయింది. వెనక నుంచి ఏది వస్తే అది నోట్లోంచి బయటికి పోయేది. అర్థం ఎప్పుడో తీరిగ్గా, డబ్బింగ్ థియేటర్లో తెలిసేది.

యాభయ్యో సినిమా వందరోజుల పండగ నాడు మధ్యాహ్నం టీవీవాళ్లు అడిగారు, మీకు ప్రాంప్టింగ్ ఇస్తారట కదా అని. "నాకా? ఒక్కసారి వింటే చాలు," అన్నాడు జడ్జి. వైరు అప్పుడు అక్కడే, కుర్చీ వెనకే ఉన్నాడు. సాయంత్రం స్టేజి మీద కూడా కుర్చీ వెనకే ఉన్నాడు. జడ్జి మైకు పట్టుకున్నాడు. వైరు ఒక్కో లైనూ అందించాడు. మొదటి నాలుగూ మామూలే, కృతజ్ఞతలు, అభిమానం, ఆశీస్సులు. ఐదోది వచ్చింది. జడ్జి గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లలో నీళ్లు తెచ్చుకుని, నిండు గొంతుతో అన్నాడు:

"ఈ సినిమా ఆడింది నా మొహం చూసి. మీకేముంది, ఏది పడేస్తే అది తింటారు. అదీ సంగతి!"

అని తల పంకించి, చప్పట్ల కోసం ఆగాడు.

అన్ని వేలమంది ఒకేసారి ఊరుకుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ వెనక ఎవరూ లేరు.

ఆ మాట తనది కాదని చెప్పుకోవచ్చు. కానీ చెప్పుకుంటే మధ్యాహ్నం టీవీలో అన్నది అబద్ధమవుతుంది, ఇరవై ఏళ్లు పలికింది చిలక పలుకని తేలుతుంది. జడ్జి రెండు నష్టాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. పొగరుబోతు అనిపించుకోవడం చిలక అనిపించుకోవడం కన్నా చవక అనిపించింది. అందుకని నోరు మూసుకున్నాడు. ఆ బేరం బొత్తిగా గిట్టలేదు. తర్వాతి సినిమా మొదటి ఆటకే కుర్చీలు ఖాళీ. ఆ తర్వాతి సినిమా మొదలవనే లేదు. ఇంట్లో భార్యతో కూడా "నోరు జారాను" అన్నాడు. "మీ తమ్ముడు వేరే పని చూసుకున్నాడట," అని కూడా కలిపాడు. ఆవిడ సరేనంది. పెద్దిల్లు పోయి రెండు గదుల ఇల్లొచ్చింది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో చేరింది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ తమ్ముడి ఊసెత్తలేదు. ఆవిడ మంచితనం అదేనని జడ్జి అనుకున్నాడు.

కాగితాలు ఇంటికి తెచ్చి పైపైన చదివాడు. ముసలి బస్సు డ్రైవరు ఒకడు పాత ఆఫీసుకి వచ్చి విచారణ అధికారి ముందు కూర్చుంటాడు. చాలా ఏళ్ల కిందట కండక్టర్ వెనక నుంచి బెల్లు కొట్టాడు, ఆపమని. డ్రైవరు ఆపలేదు. దిగబోతున్న మనిషి పడి కాలు పోగొట్టుకున్నాడు. బెల్లు కొట్టలేదని అప్పట్లో డ్రైవరు సాక్ష్యం చెప్పాడు. ఉద్యోగం కండక్టర్‌కి పోయింది. ఇప్పుడొచ్చి నిజం చెబుతున్నాడు. అంతే కథ.

మొదటి వారం నరకం. బాత్రూం అద్దానికి ఒక పేజీ, వంటింటి అలమరకి ఒక పేజీ అంటించాడు. స్నానం చేస్తూ ఒకటో పేజీ పట్టేవాడు, టీ కప్పు అందుకునేసరికి అది జారిపోయేది. భార్య వెనక నిలబడి చదివితే ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. మరుక్షణం అడిగితే ఒట్టి సున్నా.

"చిల్లు గిన్నెలో నీళ్లు పోస్తున్నాను నేను," అంది ఆవిడ. "ఇక వెనక నిలబడి చదవను. ముందు కూర్చుంటా. కాగితం నా దగ్గరే ఉంటుంది. లైను చెప్పను. ఆ మనిషికి ఏం కావాలో మీరు చెప్పండి."

"ఏ మనిషికి?"

"డ్రైవరుకండీ! వచ్చాడు, కూర్చున్నాడు. ముందు నీళ్లెందుకు అడిగాడు?"

"రాసుంది కనక."

"అబ్బా! దాహమేసిందా, భయమేసిందా?"

జడ్జికి కోపం వచ్చింది. ఇన్నేళ్లలో అతన్ని అలా అడిగినవాళ్లు లేరు. కాసేపు బుర్ర గోక్కుని, "నోరు ఎండిపోయింది. చెప్పాల్సింది గొంతు దాటట్లేదు," అన్నాడు.

"మరి నీళ్లు తాగాక?"

"ఇక తప్పించుకోవడానికి సాకు లేదు. మొదలెట్టాలి."

"అయితే మొదలెట్టండి."

మొదలెట్టాడు. మొదటి పేజీ మొత్తం వచ్చింది. ఆవిడ కాగితం మీంచి తలెత్తి చూసింది, అతను ఆవిడ వంక చూశాడు. పన్నెండో రోజుకి మూడు పేజీలు నిలిచాయి. కూరగాయల సంచీ పట్టుకుని బస్సులో నిలబడి పెదాలు కదుపుతుంటే పక్క సీటావిడ "పాపం" అని జరిగి చోటిచ్చింది. పిచ్చివాడనుకుందేమో. అనుకోనీ, కూర్చోవడానికి చోటైతే దొరికింది కదా.

పదిహేనో రోజు నాలుగో పేజీలో పడ్డాడు. డ్రైవరు ఒకచోట "అదీ సంగతి సార్" అంటాడు. జడ్జి మిగతా పేజీలు గబగబా తిరగేశాడు. ఆ ముక్క మొత్తం మూడు చోట్ల ఉంది, మూడూ సరిగ్గా తనకు ఊపిరి అందని చోట్ల. లైన్లు ఎందుకు నోట్లో అంత నున్నగా దొర్లుతున్నాయో అప్పుడు అర్థమైంది. అవి తన కొలతలు తీసుకుని కుట్టిన బట్టలు.

"ఇది ఎవడు రాశాడు?"

భార్య తువ్వాలు మడుస్తోంది. మడత ఆపలేదు. "మా తమ్ముడు."

"నీకెప్పుడు తెలుసు?"

"వాడు రాసినప్పుడు. ఆ అమ్మాయికి మీ పేరు చెప్పింది కూడా వాడే. నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఫంక్షన్‌లో ఏం జరిగిందో..."

"అదీ తెలుసు. ఆ రోజే వచ్చి ఏడ్చాడు. అక్కా, నోట్లోంచి వచ్చేసింది, బావ అనడనుకున్నాను అన్నాడు. బుర్ర ఉన్నవాడెవడైనా మధ్యలో ఆగుతాడు కదా అన్నాడు. మీరు ఆగలేదు."

జడ్జి కుర్చీలో కూలబడ్డాడు. "తొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు."

"మీరు నోరు జారానని నాకు అబద్ధం చెప్పారు. నేను నమ్మినట్టే ఉండిపోయాను. ఈ ఇంట్లో నటన మీకొక్కరికే వచ్చనుకున్నారా?"

"నన్ను మోసం చేశారు, అక్కా తమ్ముళ్లిద్దరూ కలిసి."

"చెబితే ఏం చేసేవారు? వాడో నేనో తేల్చుకోమనేవారు. నేను ఇద్దరి మనిషిని. ఎటు తూకం వేసినా నాదే తరుగు." తువ్వాలు అలమరలో పెట్టి వచ్చింది. "ఇంకా రెండు పేజీలున్నాయి. నేర్చుకుంటారా, మానేస్తారా?"

జడ్జి కాగితాలు తీసుకుని మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. బెల్లు కొట్టిన కండక్టర్ ఎవరో, కొట్టలేదన్న డ్రైవరు ఎవరో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నం టీవీలో తనన్నది కూడా వెనక నుంచి బెల్లు లేదనే. వాడు మళ్లీ వెనక నిలబడి లైను అందిస్తున్నాడు. అప్పుడు తన నోటితో జనాన్ని తిట్టించాడు, ఇప్పుడు తన నోటితో తన మీదే సాక్ష్యం చెప్పిస్తున్నాడు. ఐదో పేజీలో సగం మరీ దారుణం. కండక్టర్ ఎంత మంచివాడో, ఎంత ఓర్చుకున్నాడో డ్రైవరు వర్ణించి వర్ణించి చెబుతాడు. జడ్జి ఆ సగం మీద ఉమ్మేద్దామనుకున్నాడు. కానీ ఈ వేషం పోతే మళ్లీ ఎవరూ పిలవరు. కసిగా నేర్చుకున్నాడు. ఆరు పేజీలూ వచ్చాయి.

షూటింగ్ ఒక మూతపడిన గోదాములో. ఆఫీసు గది సెట్టు వేశారు. బల్ల, రెండు కుర్చీలు, నీళ్ల గ్లాసు. జడ్జి మేకప్ అద్దం ముందు కూర్చుంటే అద్దంలో వెనక వైరు కనిపించాడు. జుట్టు సగం పోయింది. చేతిలో రెండు టీ కప్పులు.

"ముందుకి రారా," అన్నాడు జడ్జి. "వెనక నిలబడకు."

వైరు వచ్చి ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. కప్పు అందించాడు. జడ్జి తీసుకోలేదు.

"ఎందుకు రాశావు?"

"డబ్బులిచ్చారు బావా."

"వెటకారాలు నా దగ్గరా?"

"నిజమే చెప్తున్నా. రాసేది నా పని. నీ నోటికి రాయడం ఇంకా తేలిక, చెప్పులు కుట్టేవాడికి పాత ఖాతాదారు కాలు కొలత తెలిసినట్టు తెలుసు నాకు."

"నా బతుకు బజారుకీడ్చావు."

"ఒక్క లైనుతో ఈడ్చాను, ఒప్పుకుంటున్నా. నువ్వు కూడా ఒక్క లైనుతోనే ఈడ్చావు బావా, గుర్తుందా? అప్పట్లో నా కథకి ప్రొడ్యూసర్ ఓకే అన్నాడు. డైరెక్షన్ ఇస్తానన్నాడు. నా గురించి నిన్ను ఒక మాట అడిగాడు."

జడ్జి అద్దం వైపు తిరిగాడు.

"'వాడా? రెండు మాటలు వరసగా రాయలేడు.' ఇదీ నువ్వన్నది. ప్రొడ్యూసర్ నవ్వుతూ నాకే చెప్పాడు, ఫంక్షన్ రోజు పొద్దున. అది నీకు ఎవరూ అందించలేదు బావా. నీ జీవితంలో నీ అంతట నువ్వు అన్న లైను అదొక్కటే."

"నువ్వు డైరెక్టరైపోతే నాకు లైను ఎవడు అందిస్తాడు?" అన్నాడు జడ్జి. అన్నాక తన చెవికే అసహ్యంగా వినిపించింది.

"ఆ ముక్క అప్పుడే నా మొహం మీద అనుంటే ఇంకో ఇరవై ఏళ్లు అందించేవాణ్ణి."

"క్షమాపణ చెప్పమంటావా?" అన్నాడు జడ్జి.

"నువ్వు ముందు."

"నువ్వే ముందు."

టీ చల్లారింది. ఎవరూ ముందు కాలేదు. షాట్ రెడీ అని పిలిచారు.

జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. వెనక గోడ. ముందు కెమెరా, పక్కన సౌండ్ పెట్టె, దాని వెనక చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రికార్డిస్టు, అతని పక్కన వైరు. దర్శకురాలు చెయ్యి ఎత్తి దించింది.

నీళ్లు అడిగాడు. తాగాడు. మొదలెట్టాడు. ఒకటో పేజీ, రెండు, మూడు, ఒక్కో మాటా ఎందుకంటున్నాడో తెలిసి అంటుంటే మాట బరువు మారిపోతోందని అతనికే తెలుస్తోంది. నాలుగో పేజీ చివర "అదీ సంగతి సార్" అన్నాడు. తల పంకించాడు. పాత అలవాటు కొద్దీ చెవి వెనక్కి వెళ్లింది.

వెనక గోడ తప్ప ఏమీ లేదు. బుర్రలోనూ ఏమీ లేదు.

కెమెరా తిరుగుతోంది. జడ్జి కళ్లు పక్కకి జరిగాయి. వైరు పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, నెమ్మదిగా, ఇరవై ఏళ్లు కదిలినట్టే. చూస్తే లైను దొరుకుతుంది. అది సరైన లైనే కావచ్చు. ఆ రోజు కూడా మొదటి నాలుగు లైన్లూ సరైనవే.

జడ్జి చూపు తిప్పేసుకున్నాడు. బల్ల మీద గ్లాసు ఉంది, ఖాళీగా. ఇక తాగడానికి నీళ్లు కూడా లేవు. ఈ మనిషికి ఏం కావాలి? ఇంత దూరం ఎందుకొచ్చాడు? మంచివాడనిపించుకోవడానికా? కాదు. ఎవరో మంచివాళ్లని చెప్పడానికీ కాదు. ఎంతసేపు ఊరుకున్నాడో అతనికి తెలీదు.

"బెల్లు వాడు సరిగ్గానే కొట్టాడు సార్," అన్నాడు. గొంతు పైకి లేవలేదు. "నాకు వినపడింది. వినపడే ఆపలేదు. టైముకి డిపో చేరాలని. అంతే. వాడు ఎలాంటివాడన్నది వేరే సంగతి. బెల్లు మాత్రం కొట్టాడు."

ఆ తర్వాత ఆరో పేజీ దానంతట అదే వచ్చింది.

"కట్," అని దర్శకురాలు రికార్డిస్టు వంక చూసింది. అతను బొటనవేలు ఎత్తాడు. ఆమె కాగితాలు చూసుకుని, "సార్, ఐదో పేజీలో సగం ఎగిరిపోయింది," అంది. వాటిని మడిచేసి, "పోనివ్వండి. ఆ ఊరుకోవడం మళ్లీ రాదు. ఇదే ఉంచుతాను. వచ్చే షెడ్యూల్‌కి కూడా డేట్లు ఖాళీ పెట్టుకోండి, ఇంకా చాలా పనుంది మీకు," అంది.

వైరు దగ్గరికొచ్చాడు. ఈసారి ఎదురుగానే వచ్చాడు.

"నా మంచితనమంతా మింగేశావు బావా. ఆ సగం పేజీకి మూడు రోజులు పట్టింది నాకు."

"బెల్లు కొట్టావన్నాను. అది నిజం. మంచివాడివని మాత్రం నేననను."

"మర్చిపోయావా, కావాలని ఎగరగొట్టావా?"

"నువ్వు పెదాలు ఏమని కదిపావు?"

"ముందు నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పు."

వైరు ఒక్క నవ్వు నవ్వి, తల అడ్డంగా ఊపి, వెళ్లి రికార్డిస్టుకి కేబుల్ చుట్టడంలో సాయం చేశాడు. జడ్జి వాడినే చూస్తూ నిలబడ్డాడు. వాడు సరైన లైనే అందించి ఉంటే తను ఒక మనిషిని మళ్లీ అవమానించినట్టు. తప్పు లైను అందించి ఉంటే తను బయటపడ్డట్టు. ఏది నిజమో వాడు చెబితే తప్ప తెలీదు, చెప్పినా నమ్మకం లేదు. తొమ్మిదేళ్లలో చేరిన నష్టాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దదని అనిపించింది.

భార్య గోదాము గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని నిలబడి ఉంది. పళ్ల డాక్టరు దగ్గర సెలవు పెట్టి వచ్చిందట. వచ్చి ఎంతసేపైందో అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరూ వెనక వైపు ఇనప మెట్ల మీదుగా వీధిలోకి దిగుతున్నారు, అతను ముందు, ఆవిడ వెనక.

"వాడితో మాట్లాడారా?" అంది ఆవిడ వెనక నుంచి.

జడ్జి మెట్టు మీదే ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. గోడకి ఆనుకుని దారి ఇచ్చాడు.

"ముందుకొచ్చి అడుగు," అన్నాడు.

ఆవిడ సంచీ ఇటు చేతిలోంచి అటు చేతికి మార్చుకుని, అతన్ని దాటుకుని రెండు మెట్లు దిగి, తిరిగి అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.